బకెట్టుకు పది చుక్కలు

మా బాలికల వసతి గృహంలో నీళ్ళ మోటారు కాలిపోయిన పదకొండో రోజున జిల్లా కార్యాలయం నుంచి ఒక పెట్టె వచ్చింది. కొత్త మోటారు పంపమని అప్పటికి నాలుగు ఉత్తరాలు రాసి ఉన్నాం. పెట్టె బరువుగానే ఉంది. వంటమనిషి అప్పలకొండ, ఆయా సూరీడమ్మ చెరో వైపూ పట్టుకుని ఆఫీసు గదిలోకి తెచ్చారు. అక్కడి గుమాస్తాను నేనే; మోటారే అనుకుని రశీదు మీద సంతకం కాస్త శ్రద్ధగా పెట్టాను.

పెట్టెలో నూట ఇరవై సీసాలున్నాయి. ముదురు గోధుమ రంగు గాజువి, ఒక్కోటీ వంద మిల్లీలీటర్లు. ఒకదాని మూత తియ్యగానే గదంతా కర్పూరమూ నీలగిరి తైలమూ కలిపినట్టు ఘాటుగా వాసన.

"ఏటిది దమయంతమ్మా, జలుబు మందా?" అంది సూరీడమ్మ.

అడుగున ఉత్తర్వు ఉంది. వార్డెను సత్యవేణి గారు కళ్ళజోడు పెట్టుకుని పైకి చదివారు.

"ఆస్ట్రేలియా దేశమందలి ఒక వృక్షము యొక్క ఆకుల నుండి తీయబడు టీ ట్రీ తైలము, గృహ పరిశుభ్రతకును వ్యక్తిగత సంరక్షణకును సర్వవిధముల ఉపయుక్తమని ఉన్నతాధికారుల దృష్టికి వచ్చియున్నందున, అన్ని వసతి గృహములందు దీని వినియోగము తక్షణమే అమలు చేయవలసినదిగా ఆదేశించడమైనది."

అది వారి దృష్టికి ఎలా వచ్చిందో పెట్టె తెచ్చిన వ్యాను డ్రైవరు చెప్పాడు. రాజధానిలో ఒక పెద్ద అధికారి గారింట్లో స్నానాల గది మూల నాచు వాసన పోయిందట. ఆ వారంలోనే వాళ్ళమ్మాయి గడ్డం మీద మొటిమ కూడా తగ్గిందట. రెండూ ఒకే వారంలో జరిగేసరికి వారు ఇక ఊరుకోలేకపోయారు.

ఉత్తర్వులో అన్నీ వివరంగా ఉన్నాయి. నేల తుడవడానికి, బాత్‌రూములు కడగడానికి, దువ్వెనలు నానబెట్టడానికి బకెట్టు నీళ్ళకు పది చుక్కలు. పేలకు, చుండ్రుకు కొబ్బరినూనెలో కలిపి. మొటిమలకు, పాదాల వాసనకు, దోమలకు, దిండు గలీబులకు వేరే వేరే కొలతలు. ఏడో అంశం కింద గీత గీసి ఉంది. తైలమును పలుచన చేయక వాడరాదు, పారబోయరాదు, లోనికి పుచ్చుకొనరాదు, ఉల్లంఘించిన సిబ్బందిపై కఠిన చర్య తీసుకొనబడును. తొమ్మిదో అంశం కిందా గీత ఉంది. నెలకు ఒక పెట్టె. నెలాఖరుకు సీసాలు మిగిలినచో విధి నిర్వహణలో అలసత్వముగా పరిగణించబడును.

"మోటారు గురించేమైనా ఉందా మేడమ్?" అని అడిగాను.

సత్యవేణి గారు కాగితం తిరగేసి చూశారు. వెనకవైపు ఖాళీగా ఉంది.

మా దగ్గర నూట ఇరవై మంది ఆడపిల్లలున్నారు. మోటారు కాలిపోయిన దగ్గర్నుంచీ వాళ్ళు రోడ్డు దాటి, రైసు మిల్లు పక్కనున్న చేతిపంపు నుంచి నీళ్ళు మోసుకొస్తున్నారు. ఎవరి వంతు ఎప్పుడో పదో తరగతి పైడమ్మ చూస్తుంది. చిన్నపిల్లల బిందెలు కూడా తనే మోస్తుంది కాబట్టి అందరి తరవాత తన స్నానం. బడికి వెళ్ళేసరికి మొదటి పీరియడ్ సగం అయిపోతుంది. మొదటి పీరియడ్ లెక్కలు. లెక్కల మాస్టారు ఆలస్యంగా వచ్చినవాళ్ళని లోపలికి రానివ్వరు. పైడమ్మ కిటికీ బయట నిలబడి వింటుంది. బోర్డు కనపడదు. పాలిటెక్నిక్‌లో చేరాలని ఆ అమ్మాయికి ఆశ. దానికి లెక్కలు కావాలి.

పై వారం మమ్మల్ని జిల్లా కేంద్రంలో శిక్షణకు పిలిచారు. అక్కడ మొదటిసారి కూర్మనాథరావు గారిని చూశాను. నిన్నటిదాకా వారు పట్టుపురుగుల విభాగంలో ఉండేవారు. ఇప్పుడు జిల్లా పరిమళ సమన్వయాధికారి. తెల్లగా, శుభ్రంగా, మాట తొణక్కుండా ఉన్నారు.

"శుభ్రత కంటికి కనిపించదు. కంటికి కనిపించేది మురికి మాత్రమే. కావున శుభ్రతను నిర్ధారించుటకు శాస్త్రీయమైన అవయవం ముక్కు," అన్నారు.

అందరూ రాసుకున్నారు. నేనూ రాసుకున్నాను.

సత్యవేణి గారు లేచి, "సార్, మా దగ్గర మోటారు కాలిపోయింది. బకెట్టుకు పది చుక్కలన్నారు. చుక్కలున్నాయి. బకెట్టూ ఉంది," అని ఆగారు.

"మేడమ్, ఈ వేదిక తైలానికి సంబంధించినది. నీరు వేరే విభాగం."

"ఆ విభాగం వాళ్ళు మిమ్మల్ని అడగమన్నారు సార్."

"వారు నన్ను అడగమన్నట్టు రాతపూర్వకంగా ఇచ్చారా?"

సత్యవేణి గారు కూర్చున్నారు. పక్కూరి వార్డెను ఆవిడ చెవిలో, "మాకు నీళ్ళున్నాయండీ, పైకప్పు లేదు. నేను అడగలేదు చూడండి," అంది.

మధ్యాహ్నం మా ఫోన్లలో ఒక యాప్ ఎక్కించారు. ఇకమీదట ఏ సమస్య అయినా అందులోనే తెలపాలి, ఉత్తరాలు తీసుకోరు. యాప్‌లో రెండే గళ్ళు. ఒకటి సమస్య. రెండోది వాడిన చుక్కలు. రెండూ నింపితేగాని ముందుకు కదలదు.

ఊరికి రాగానే సమస్య గడిలో "మోటారు కాలిపోయినది" అని రాసి, చుక్కల గడిలో సున్నా పెట్టాను. తీసుకోలేదు. పది అని పెట్టాను. తీసుకుంది. మర్నాడు జవాబు వచ్చింది. "మీ సమస్య పరిష్కరించబడినది. ఉపశమనము లేనిచో ఇరవై చుక్కలకు పెంచి, పదిహేను రోజులు పరిశీలించగలరు."

సూరీడమ్మకు చదివి వినిపించాను.

"అయితే మోటారుకి ఎయ్యమన్నారా?"

"అలాగే ఉంది పిన్నీ."

"బాగున్నాది. మా ముసిలాడికి కాలు ఇరిగినప్పుడు ఈ నూనె నేకపోయింది," అంటూ వెళ్ళి లెక్కపెట్టి ఇరవై చుక్కలు వేసొచ్చింది. పదిహేను రోజులు పరిశీలించాం. మోటారు తిరగలేదు. మోటారు గదిలో దోమలు మాత్రం తగ్గాయి. ఉన్నదున్నట్టు రెండూ నివేదికలో రాశాను. దోమలు తగ్గినందుకు అభినందనలు వచ్చాయి.

తైలం చెడ్డదని నేను అనను. ఆదివారాలు పిల్లల్ని వరండాలో వరసగా కూర్చోబెట్టి, గిన్నెడు కొబ్బరినూనెలో కాసిని చుక్కలు కలిపి తలలకు పట్టించి దువ్వేవాళ్ళం. పేలు తగ్గాయి. మొటిమలున్న పిల్లలు దూది పట్టుకుని సాయంత్రం ఆఫీసు గది ముందు నిలబడేవాళ్ళు. లేనివాళ్ళు కూడా వచ్చి, "రేపు వస్తాదేమోనని మేడమ్," అనేవాళ్ళు. బూట్లలో వేస్తే బూట్ల వాసన పోయింది. చిన్న చిన్న పనులకు అది మంచి నూనె. దానిచేత పెద్ద ఉద్యోగం చేయించడమే ఇబ్బంది.

నెల చివర తనిఖీకి కూర్మనాథరావు గారే వచ్చారు, వెంట ఇద్దరు పరిశీలకులు. ముగ్గురూ గేటు దగ్గరే కళ్ళు మూసుకున్నారు. చూపు ప్రభావం లేకుండా ముక్కు స్వతంత్రంగా పనిచెయ్యాలని నిబంధనట. పిల్లలు ముగ్గుర్నీ చేతులు పట్టుకుని నడిపించారు. కూర్మనాథరావు గారి చెయ్యి పైడమ్మ పట్టుకుంది.

బాత్‌రూములు కడిగి నాలుగు రోజులైంది. కడగడానికి నీళ్ళు లేవు. మోసుకొచ్చినవి వంటకీ తాగడానికే చాలడం లేదు. ఆ ఉదయం సూరీడమ్మ పాతగుడ్డలకు కాస్త నూనె రాసి ప్రతి తలుపుకీ ఒకటి వేలాడదీసింది.

కూర్మనాథరావు గారు గుమ్మంలో నిలబడి దీర్ఘంగా ఊపిరి పీల్చారు. "అత్యుత్తమం," అన్నారు. పరిశీలకులు కళ్ళు మూసుకునే రాసుకున్నారు. ఆయన లోపలికి అడుగు వేయబోయారు.

"అక్కడ కాలెట్టకండి సార్," అంది పైడమ్మ.

"ఏం?"

"కళ్ళు తెరిస్తే తెలుస్తాది సార్."

"నిబంధనలు అనుమతించవమ్మా," అన్నారాయన. అయినా కాలు వెనక్కి తీసుకున్నారు.

మొత్తం భవనంలో ఒక్క వంటగదిలో మాత్రం ఆయన మొహం మారింది. రెండుసార్లు పీల్చి చూశారు.

"ఇక్కడ వేరే వాసన వస్తోంది."

"సాంబారు బాబూ," అన్నాడు అప్పలకొండ.

"వంటశాలలో సాంబారు వాసన ఎందుకు రావాలి?"

"సాంబారు ఒండితే సాంబారు వాసనే వస్తాది గదా బాబూ. మరేటి వస్తాది?"

"అన్ని గదులలోనూ ఒకే పరిమళం నెలకొనాలని ఉత్తర్వులో ఉంది. మీరు చదవలేదా?"

"నాకు సదువు నేదు బాబూ. మెంతులు మాడితే ఆసనబట్టి తెలుస్తాది, అంతే."

మర్నాడు అప్పలకొండకు మెమో వచ్చింది. "వంటశాలయందు అనధికార వాసన" అని అందులో ఉంది. సంజాయిషీ అతను చెబుతుంటే నేను రాశాను. ఇంగువ ఎందుకు వేశాడో, పోపు ఎన్ని గంటలకు పెట్టాడో, అప్పుడు గాలి ఎటు వీస్తోందో అన్నీ చెప్పాడు. చివర "ఇకమీద వాసన రాని సాంబారు వండగలను, కాని పిల్లలు తినరు" అని రాయమన్నాడు. అలాగే రాశాను.

ఆ వారంలోనే సత్యవేణి గారికి ఇంకా పెద్ద కాగితం వచ్చింది. నూట ఇరవై సీసాల్లో మేం వాడింది పదకొండు. మిగిలిన నూట తొమ్మిదీ అలసత్వం కింద లెక్క. ఇక రోజూ పూర్తి మోతాదు వాడి చూపాలి, వారంలోగా సంజాయిషీ ఇవ్వాలి, లేకపోతే సస్పెన్షన్. పైడమ్మ విషయమే చెప్పి మోటారు కోసం మొదటి ఉత్తరం రాసింది ఆవిడే. ఇప్పుడు కాగితం రెండుసార్లు చదివి బల్ల మీద బోర్లా పెట్టారు.

"కాలవలో ఒంపేద్దాం దమయంతీ," అన్నారు.

"ఒంపితే ఊరోళ్ళు మనల్ని ఒంపేస్తారు. ఆ కంపు మావూలుదా?" అంది సూరీడమ్మ.

"ఏడో అంశం ఉంది మేడమ్. నీళ్ళు కలపకుండా పారబోస్తే అది వేరే నేరం," అన్నాను.

వాడకపోతే తొమ్మిదో అంశం, వాడితే ఏడో అంశం.

పైడమ్మ ఆ గది మూలనే ఉంది. సాయంత్రాలు ఆఫీసులో కూర్చుని, వేరే పిల్లల పుస్తకాల్లోంచి లెక్కలు ఎక్కించుకునేది. మా మాటలు విని లేచి వచ్చింది.

"ఆ సీసా ఒకటి ఇయ్యండి మేడమ్."

దగ్గు మందుతో వచ్చిన కొలత మూత తెచ్చుకుని అందులో ఒక్కొక్క చుక్కే వేసింది. అయిదు మిల్లీలీటర్ల గీతకు వంద చుక్కలు పట్టాయి. పుస్తకం వెనక అట్ట మీద లెక్క వేసింది.

"నెలకి పన్నెండు లీటర్లు. అంటే రెండు లక్షల నలభై వేల చుక్కలు. బకెట్టుకి పదేసి అంటే ఇరవై నాలుగు వేల బకెట్లు. రోజుకి ఎనిమిది వందలు." ఒక నిమిషం ఆగి కింద ఇంకో భాగహారం చేసింది. "నూట ఇరవై మందికి తలకి ఆరూ, ఏడూ. సరిపోతాయి."

"ఏటి సరిపోతాయి?" అంది సూరీడమ్మ.

"నీళ్ళు పిన్నీ."

సత్యవేణి గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. నేను కాగితం తీశాను.

ఆ సంజాయిషీలో మోటారు అన్న మాట రాయలేదు. పిల్లలు అన్న మాట కూడా రాయలేదు. తైలమును పూర్తిగా వినియోగించుటకు మేము కృతనిశ్చయులమై యున్నామని, అందుకు దినమునకు ఎనిమిది వందల బకెట్ల విలీన ద్రవము అవసరమని, సదరు ద్రవమును భూగర్భము నుండి పైకి తెచ్చు విలీన యంత్రము లోపించినందున ప్రభుత్వ తైలము వృథాగా పడియున్నదని రాశాను. పైడమ్మ లెక్క జతపరిచాను. కూర్మనాథరావు గారి భాష నాకు అప్పటికి బాగానే పట్టుబడింది.

మూడో రోజు మధ్యాహ్నం మోటారు వచ్చింది. ఇద్దరు మెకానిక్కులు, ఒక ఇంజనీరు వచ్చారు, ఒక బ్యానరు కూడా వచ్చింది. నాలుగు ఉత్తరాలకు రాని మనుషులు ఒక్క లెక్కకు వచ్చారు. మోటారు మీద పసుపు రంగుతో "తైల విలీన యంత్రము - ఇతర ప్రయోజనములకు వాడరాదు" అని రాసి ఉంది. ఇంజనీరు మీట నొక్కాడు. పైపు రెండుసార్లు దగ్గి, కాసేపు ఎర్రనీళ్ళు కక్కి, తరవాత తెల్లగా పోసింది. పిల్లలు బిందెలు పట్టుకుని చూస్తూ నిలబడ్డారు. ఎవరో చిన్నపిల్ల చెయ్యి పెట్టి చూసి, "సల్లగున్నాయి," అంది.

మేం నిజాయితీగానే వాడాం. ఒళ్ళు రుద్దుకునే నీళ్ళకు, తాగే నీళ్ళకు, వంటకు తప్ప మిగతా ప్రతి బకెట్టుకీ సూరీడమ్మ చుక్కలు వేసింది. తలకు, దువ్వెనలకు, బూట్లకు వేసిన దానికి అంతు లేదు. రెండు నెలల్లో వచ్చిన పెట్టెలన్నీ దాదాపు ఖాళీ అయ్యాయి. బడిలో మా పిల్లలు ఏ బెంచీలో కూర్చున్నారో కళ్ళు మూసుకుని చెప్పొచ్చని మాస్టర్లు అనేవారు. లెక్కల మాస్టారు తుమ్ముతూనే పాఠం చెప్పారు. పైడమ్మ ముందు బెంచీలో కూర్చుని ఆయన తుమ్ములతో సహా అన్నీ విన్నది.

పరీక్షలకు ఇంకా అయిదు వారాలుందనగా కొత్త పెట్టె రాలేదు. బదులుగా కొత్త ఉత్తర్వు వచ్చింది. రాజధానిలో ఆ పెద్ద అధికారి గారింట్లో ఇప్పుడు రాగి చెంబులు వాడుతున్నారని డ్రైవరు చెప్పాడు. తైలోద్యమం విజయవంతంగా ముగిసిందట. మూడో అంశం: తైల వినియోగము నేటి నుండి నిషేధించడమైనది. నాలుగో అంశం: తైలము నిల్వ శూన్యమైన వెంటనే, తత్సంబంధిత యంత్రములన్నియు వాపసు చేయవలెను.

కూర్మనాథరావు గారు వ్యాను తీసుకుని వచ్చారు. ఇప్పుడు వారు జిల్లా తామ్ర సమన్వయాధికారి. వెంట మెకానిక్కు స్పానరు పట్టుకుని ఉన్నాడు. పిల్లలు బడికి వెళ్ళకుండా మోటారు గది ముందు నిలబడ్డారు. పైడమ్మ అందరికంటే ముందుంది. ఆ అమ్మాయి చూపు స్పానరు మీదే ఉంది.

"ఇది నా స్వంత నిర్ణయం కాదమ్మా," అన్నారాయన ఆ అమ్మాయితో. "యంత్రం మీద రాసి ఉంది కదా. తైలం లేనప్పుడు యంత్రానికి ప్రయోజనం ఉండదు. నిల్వ శూన్యమైనట్టు ధ్రువపత్రం ఇవ్వండి మేడమ్."

సత్యవేణి గారు నా వంక చూశారు. అందరం ఆఫీసు గదిలోకి వచ్చాక నేను స్టాకు పుస్తకం తెరిచాను. చూసినకొద్దీ నాకు ధైర్యం వచ్చింది.

"శూన్యం కాలేదు సార్. ఒక సీసా ఉంది."

బీరువాలోంచి తీసి బల్ల మీద పెట్టాను. సీలు కూడా తియ్యలేదు.

"ఒక్క సీసాయే కదా. వాడెయ్యండి."

"మూడో అంశం ప్రకారం వాడకం నిషేధం సార్."

ఆయన ఉత్తర్వు తీసి చూశారు. "అయితే మాకు అప్పగించండి."

"అప్పగించమని ఎక్కడా లేదు సార్. యంత్రాలనే ఉంది."

"పారబోయండి."

"పాత ఉత్తర్వు ఏడో అంశం సార్. పలుచన చెయ్యకుండా పారబోయకూడదు. పలుచన చేస్తే అది వినియోగం."

కూర్మనాథరావు గారు కుర్చీలో కూర్చుని మూడో అంశం చదివారు, నాలుగో అంశం చదివారు, మళ్ళీ మూడు చదివారు. బయట నూట ఇరవై మంది పిల్లలు కిటికీల దగ్గర గుమిగూడారు. సూరీడమ్మ గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన తాగారు.

"ఈ అంశంపై ఉన్నతస్థాయి నుండి స్పష్టత రావలసి ఉంటుంది," అన్నారు చివరికి. "అంతవరకు యథాతథ స్థితి."

"స్పష్టత ఎప్పుడొస్తాది బాబూ?" అంది సూరీడమ్మ.

"నేను రాస్తాను. వారు నన్ను వివరణ అడుగుతారు. నేను మిమ్మల్ని అడుగుతాను." ఆయన గొంతులో మొదటిసారి కొంచెం మనిషి వినిపించాడు. "మీరు తొందరపడి జవాబివ్వకండి."

వెళ్ళేముందు ఒకసారి బాత్‌రూముల వైపు నడిచారు. గుమ్మంలో నిలబడి, అటూ ఇటూ చూసి, కళ్ళు తెరిచే ఉంచారు. నేల కడిగి ఉంది. ఏ వాసనా లేదు.

"బాగుంది," అన్నారు. "చూశానని ఎక్కడా రాయకండి."

పైడమ్మ లెక్కల్లో పాసై, పాలిటెక్నిక్‌లో చేరింది. స్పష్టత ఇంకా రాలేదు. నెల నెలా నేను నిల్వ నివేదిక పంపుతాను. తైలము, ఒక సీసా. యంత్రము, ఒకటి.

మొన్న ఎనిమిదో తరగతి పిల్ల సుహాసిని ఆఫీసు గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మర్నాడు బడిలో గ్రూపు ఫొటో. ముక్కు చివర ఎర్రగా ఒక మొటిమ. పెద్దపిల్లలెవరో చెప్పారట, బీరువాలో మందుందని.

"ఒక్క చుక్క సాలు మేడమ్. ఎవరికీ సెప్పను."

బీరువా తెరిచి సీసా చూపించాను. దుమ్ము పట్టి, సీలు సీలుగానే ఉంది. సీలు తీస్తే అది వాడినట్టేనని, వాడితే నిల్వ పోతుందని, నిల్వ పోతే వ్యాను వస్తుందని చెప్పాను. ఆ పిల్ల అంతా శ్రద్ధగా విన్నది. సీసా వంక చూసింది. వేలితో ముక్కు తడుముకుంది.

"అయితే ఉండనియ్యండి మేడమ్. సబ్బెట్టి కడుక్కుంటాను," అని పెరట్లోకి వెళ్ళి కుళాయి తిప్పింది.